డాలీవుడ్ గుమ్మడికాయల దీపాలు: పెద్దవాళ్లతో, చిన్నపిల్లతో అక్టోబర్‌లో వెళ్లడం ఎలా?

శ్రావణమేఘం (కమ్మింగ్, జార్జియా):
అందరికీ నమస్కారం. మా అత్తయ్య, మామయ్య ఖమ్మం నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. నవంబర్ చివర్లో తిరుగు ప్రయాణం. ఈలోపు వాళ్లను ఒక్క మంచి ట్రిప్‌కైనా తీసుకెళ్లాలని మా ఇద్దరి కోరిక. టెనెసీలో పిజన్ ఫోర్జ్ దగ్గరున్న డాలీవుడ్ అనే వినోదాల పార్కులో అక్టోబర్ అంతా గుమ్మడికాయల దీపాల పండగ జరుగుతుందని ఆఫీసులో చెప్పారు. మా పాపకు నాలుగేళ్లు, బాబుకు తొమ్మిది. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, పూర్తి శాకాహారి. మామయ్య రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, నడక బాగానే ఉంది. పాపకు దెయ్యాల ముసుగులంటే చచ్చేంత భయం. హాలోవీన్ పేరుతో అక్కడ కూడా భయపెట్టే వేషాలుంటాయా? అసలు ఇంతమందితో, ఇన్ని రకాల అవసరాలతో వెళ్తే సుఖపడతామా, టెన్షనే మిగులుతుందా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

నాక్స్‌విల్_నివాసి:
శ్రావణమేఘం గారూ, తప్పకుండా వెళ్లండి. మేం దగ్గర్లోనే ఉంటాం, సీజన్ పాసులున్నాయి. శరదృతువులో ఆ పార్కు ఉన్నంత బాగా మరెప్పుడూ ఉండదని నా నమ్మకం.

ముందు పాప సంగతి. గ్రేట్ పంప్‌కిన్ లూమినైట్స్ అనే ఈ దీపాల వేడుక 2017లో మొదలైంది. దీన్ని పిల్లలున్న కుటుంబాల కోసమే చేశారు. రక్తాలు, రంపాలు, మీదకు దూకే వేషగాళ్లు ఉండరు. మీకు దగ్గర్లోని సిక్స్ ఫ్లాగ్స్ ఓవర్ జార్జియా పార్కులో హాలోవీన్‌కు జరిగే ఫ్రైట్ ఫెస్ట్ పూర్తిగా వేరు. పదమూడేళ్లలోపు పిల్లలకు అది తగదని వాళ్లే చెబుతారు. నాలుగేళ్ల పిల్లను ఎక్కడికి తీసుకెళ్లాలో ఇక వేరే ఆలోచించక్కర్లేదు.

చీకటి పడ్డాక వైల్డర్‌నెస్ పాస్ అనే చోట చెట్టంత ఎత్తున పేర్చిన గుమ్మడికాయలు, తలమీద వేలాడేవి, దారి పొడుగునా ముఖాలు చెక్కినవి, అన్నీ లోపలినుంచి నారింజరంగులో వెలుగుతాయి. చాలావరకు నిజం కాయలు కావు. చెక్కిన పచ్చికాయ వెచ్చటి వాతావరణంలో వారం తిరక్కుండానే మెత్తబడి బూజు పడుతుంది. వారాల తరబడి నిలబెట్టాలంటే కృత్రిమంగా చేసుకోవాల్సిందే. చూడ్డానికి మాత్రం ఏ లోటూ లేదు.

ఇప్పుడు అసలు మాట. పొద్దున గేటు తీసేసరికి చేరి రాత్రి దీపాలదాకా లాగాలని చూడకండి. పెద్దవాళ్లు, నాలుగేళ్ల పిల్ల సాయంత్రానికే అలిసిపోతారు, మీరు ఏ దీపాల కోసం వచ్చారో అవే చూడకుండా తిరిగి రావాల్సొస్తుంది. మధ్యాహ్నం భోంచేసి, హోటల్లో కాస్త పడుకుని లేచి, రెండు మూడింటికి లోపలికి వెళ్లండి. అక్టోబర్ మధ్యలో అక్కడ ఏడింటికి అటూఇటూగా పొద్దు గూకుతుంది. వెలుతురుండగా రైలు, చేతివృత్తుల వీధి చూసేసి, ఆరింటికల్లా ఏదో తిని, చీకటి పడే వేళకు దీపాల దగ్గర ఉండాలి. ఆ రోజు పార్కు ఎప్పుడు మూస్తారో వాళ్ల యాప్‌లో ఉంటుంది, ముందే చూసుకోండి.

ఇంకో మాట. అది కొండప్రాంతం. పార్కులో సమతలమైన దారి తక్కువ, ఎక్కుడు దిగుడు ఎక్కువ. అత్తయ్యగారి మోకాళ్లకు గేటు దగ్గరే చక్రాల కుర్చీ అద్దెకు తీసుకోండి. నేను నడుస్తాను అని ఆవిడ అంటారు, మీరు వినొద్దు.

గోదారిగట్టు (ఆల్ఫరెటా):
అందరూ డాలీవుడ్ అంటున్నారు కాబట్టి నేనొక్కడిని అటువైపు మాట్లాడతాను. ఆరుగురికి టికెట్లు, పార్కింగ్, హోటల్, పెట్రోలు కలిపితే చిన్న మొత్తం కాదు. గుమ్మడికాయలే చూడాలంటే ఉత్తర జార్జియాలో తోటలు బోలెడున్నాయి. మొక్కజొన్న చేలో దారి వెతుక్కునే ఆట, ట్రాక్టరు వెనక గడ్డిబండి మీద షికారు, నేలమీద తీగకే ఉన్న కాయను పిల్లలు వెతికి తెచ్చుకోవడం. మా అమ్మ అక్కడ రైతుతో గంటసేపు కబుర్లు చెప్పింది, నేను మధ్యలో దుబాసీగా ఉన్నాను. ఎరువేం వేస్తారు, తీగ ఎప్పుడు పెడతారు, పూత రాలితే ఏం చేస్తారు అని ఒకటే ప్రశ్నలు. పల్లెలో పుట్టిపెరిగిన పెద్దవాళ్లకు లైట్లకన్నా ఆ నేల దగ్గరవుతుంది. సాయంత్రానికి ఇంటికొచ్చి మన పడక మీద మనం పడుకోవచ్చు.

శ్రావణమేఘం:
గోదారిగట్టు గారూ, మీరన్నది నిజమే. తోటకు ఎలాగూ వెళ్తాం, అది ఒక పూట పని. కానీ అత్తయ్యవాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు, కొండలు కూడా చూపించాలని ఉంది. ఖర్చు గురించి మా ఇంట్లోనూ చర్చ నడుస్తోంది. టికెట్లలో పిల్లలకు, పెద్దవాళ్లకు తగ్గింపు ఎలా ఉంటుందో ఎవరైనా చెబుతారా?

మిరపకాయబజ్జీ (షార్లెట్):
మూడేళ్లు, అంతకన్నా చిన్నవాళ్లకు టికెట్ లేదు. నాలుగు నుంచి తొమ్మిదేళ్లదాకా పిల్లల ధర, 62 దాటితే సీనియర్ ధర. అంటే మీ ఆరుగురిలో పూర్తి ధర మీ ఇద్దరికే. పార్కింగ్‌కు విడిగా కట్టాలి. ఊళ్లో పేట్రియట్ పార్క్ నుంచి డాలీవుడ్‌కు ట్రాలీ బస్సు నడుస్తుంది, అటు దగ్గర్లో హోటల్ తీసుకుంటే కారు తియ్యకుండానే వెళ్లొచ్చు.

తిండి విషయం నేను గట్టిగా చెబుతాను, మా ఇంట్లోనూ శాకాహారులే. దక్షిణాది అమెరికా వంటలో కూరగాయ అన్నంత మాత్రాన శాకాహారం అనుకోవద్దు. గ్రీన్ బీన్స్, పింటో బీన్స్ చాలాచోట్ల పంది మాంసం ముక్క వేసే ఉడికిస్తారు. అది వాళ్ల తరతరాల వంట పద్ధతి, మోసం కాదు. కొన్నిచోట్ల యాపిల్ పై లాంటి తీపి వంటకాల పిండిలోనూ పందికొవ్వు కలుపుతారు. అందుకని ప్రతి కౌంటర్లోనూ మాంసం ఉందా అని కాకుండా, బేకన్, హ్యామ్, లార్డ్ (పందికొవ్వు) అని ఒక్కో పేరూ పెట్టి అడగండి. విసుక్కోకుండా చెబుతారు, లోపలికెళ్లి కనుక్కుని మరీ చెబుతారు.

పిండిమర దగ్గర అమ్మే సిన్నమన్ బ్రెడ్ కోసమైతే వరసలో నిలబడండి. అది 1982లో కట్టిన, నిజంగా ధాన్యం విసిరే నీటిమర. వేడివేడిగా, దాల్చినచెక్క చక్కెర కారుతూ ఒక పెద్ద రొట్టె చేతిలో పెడతారు, పక్కన ఆపిల్ బటర్. ఒకటి తీసుకుంటే ముగ్గురు నలుగురికి సరిపోతుంది. మధ్యాహ్నం వరస చాంతాడంత ఉంటుంది, వెళ్లగానే తీసుకోవడం మేలు. అత్తయ్యగారి కోసం పులిహోర, దద్దోజనం కారులో ఐస్‌బాక్సులో పెట్టుకోండి. పార్కులోకి వెళ్లేముందు అందరూ తినేస్తే రాత్రిదాకా ఇబ్బంది లేదు.

బొగ్గింజన్ (నాష్‌విల్, సొంతూరు బిట్రగుంట):
శ్రావణమేఘం గారూ, మీ మామయ్యగారు రైల్వేలో ఏ పని చేసేవారో చెప్పగలరా? ఆవిరి ఇంజన్ల రోజులు చూసినవారైతే ఆయనకు ఈ ప్రయాణంలో గుమ్మడికాయలకన్నా పెద్ద పండగ రైలే.

శ్రావణమేఘం:
కాజీపేటలో క్లీనర్‌గా చేరి, ఫైర్‌మన్‌గా చేసి, తర్వాత డ్రైవరయ్యారు. మొదటి ఏళ్లన్నీ ఆవిరి ఇంజన్ల మీదే అని చెబుతుంటారు.

బొగ్గింజన్:
అయితే వినండి. మా నాన్నగారు బిట్రగుంట లోకోషెడ్‌లో పనిచేశారు, అందుకే ఇంత ఉత్సాహం. డాలీవుడ్ ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ బొగ్గు మీద నడిచే నిజమైన ఆవిరి రైలు. డీజిలింజనుకు పొగగొట్టం తగిలించిన బొమ్మ కాదు. క్లోండైక్ కేటీ అనే ఇంజన్ను 1943లో అమెరికా సైన్యం కోసం చేశారు. యుద్ధకాలంలో అది అలాస్కా, యుకాన్ వైపు వైట్ పాస్ లైనులో పనిచేసింది. మూడడుగుల నేరోగేజ్. మన బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్లు 1995తో ఆగిపోయాయి, మీ బాబు వయసు పిల్లలు మన దేశంలో వాటిని మామూలు లైన్ల మీద చూసే అవకాశమే లేదు. ఇక్కడ ఇరవై నిమిషాలు, ఐదు మైళ్లు, కొండ ఎక్కేటప్పుడు ఆ పఫ్ పఫ్ ఒక్కొక్కటీ విడిగా వినపడుతుంది.

ఒక జాగ్రత్త. పెట్టెలకు అద్దాలుండవు, బొగ్గు నుసి వచ్చి పడుతుంది. పాప కళ్లకు చలవ కళ్లద్దాలు పెట్టండి, అందరూ ముదురు రంగు బట్టలు వేసుకోండి. బయల్దేరేముందు ఇంజను పక్కన నిలబడనిస్తారు. మామయ్యగారిని పది నిమిషాలు అక్కడ తొందరపెట్టకుండా వదిలేయండి.

హంసధ్వని:
మా అబ్బాయికి ఆటిజం ఉంది, ఇలాంటి చోట్లకు వెళ్లాలంటేనే మాకు భయంగా ఉండేది. ఇది చదివేవాళ్లలో అలాంటి తల్లిదండ్రులుంటే ఉపయోగపడుతుందని రాస్తున్నాను. డాలీవుడ్‌లో 2016 నుంచి కామింగ్ రూమ్ అని ఒక గది ఉంది. వెలుతురు తగ్గించి, చప్పుడు లేకుండా, పిల్లలు కాసేపు తేరుకోవడానికి ఏర్పాటు చేశారు. దీపాల దారిలో సంగీతం, జనం, మెరుపులు అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. మేం చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టి, చీకటి పూర్తిగా పడకముందే వాడికి ఆ దారి ఒకసారి నడిపించి చూపిస్తాం. వెలగని గుమ్మడికాయలను ముందు ముట్టుకుని చూశాక, వెలిగినప్పుడు వాడికి అవి కొత్తగా అనిపించవు. మీ పాపకు భయమన్నారు కదా, ఈ పద్ధతి ఆమెకూ పనికొస్తుంది.

నాక్స్‌విల్_నివాసి:
హంసధ్వని గారు చాలా మంచి మాట చెప్పారు. చిన్నపిల్లలున్న ప్రతివాళ్లూ పాటించొచ్చు.

రైడ్ల గురించి క్లుప్తంగా. 2019లో తెరిచిన వైల్డ్‌వుడ్ గ్రోవ్ అనే భాగం మీ పాపకు సరైన చోటు. అక్కడ హిడెన్ హాలో అని లోపలికి కట్టిన ఆటస్థలం ఉంది, పిల్లలు గెంతుతుంటే పెద్దవాళ్లు నీడలో కూర్చోవచ్చు. బాబుకు బిగ్ బేర్ మౌంటెన్ రోలర్ కోస్టర్ చూపించండి, 39 అంగుళాల ఎత్తుంటే ఎక్కనిస్తారు. వైల్డ్ ఈగిల్ కోస్టర్‌కు 50 అంగుళాలు కావాలి, ఇంటి దగ్గరే గోడకు నిలబెట్టి కొలుచుకుని రండి. అక్కడ గేటు దగ్గర కాదన్నప్పుడు పిల్లలు ఏడ్చే ఏడుపు చూడలేం.

దారి గురించి: మీరు కమ్మింగ్ నుంచి వస్తున్నారు కాబట్టి జీపీఎస్ చెరోకీ మీదుగా 441 రోడ్డు చూపించొచ్చు. అది 5,046 అడుగుల ఎత్తున్న న్యూఫౌండ్ గ్యాప్ దాటి వస్తుంది. ఆకుల రంగులకు ఆ దారిని మించింది లేదు, కానీ మలుపులు బాగా ఎక్కువ, పిల్లలకు కడుపులో తిప్పుతుంది. ఆ దారిలో వచ్చే స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు లోపల పెట్రోలు బంకు లేదు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. వచ్చేటప్పుడు పగలు అటు రండి, తిరిగి వెళ్లేటప్పుడు నాక్స్‌విల్ మీదుగా 75వ నంబరు హైవే పట్టుకోండి.

ఆకుల రంగు కొండ మీదినుంచి కిందికి దిగుతుంది. పైన చలి ముందు తగులుతుంది కాబట్టి అక్టోబర్ మొదట్లోనే శిఖరాల దగ్గర పసుపు, ఎరుపు మొదలవుతాయి. పిజన్ ఫోర్జ్ లాంటి కింది ఊళ్లకు నెలాఖరు, నవంబర్ మొదటి వారం. రెండూ కొంతకొంత కావాలంటే అక్టోబర్ మూడో వారం మంచిది. స్మోకీ మౌంటెన్స్‌లోకి ప్రవేశ రుసుము లేదు. కానీ 2023 మార్చి నుంచి పావుగంట మించి కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి. రోజుకు 5 డాలర్లు, వారానికి 15.

కొలంబస్ డే (అక్టోబర్ రెండో సోమవారం సెలవు) వారాంతం, స్కూళ్ల ఫాల్ బ్రేక్ మాత్రం తప్పించుకోండి. ఆ శనివారాల్లో 40వ నంబరు హైవే మీది 407 ఎగ్జిట్ నుంచి పిజన్ ఫోర్జ్‌దాకా కార్లు నత్తనడక నడుస్తాయి. వీలైతే వారం మధ్యలో సెలవు పెట్టండి, పార్కు తెరిచి ఉండే రోజులు చూసుకుని. నాష్‌విల్ వైపునుంచి వచ్చేవాళ్లు గడియారం ఒక గంట ముందుకు జరుగుతుందని గుర్తుపెట్టుకోండి.

వెన్నెలబాట (ముర్‌ఫ్రీస్‌బరో, టెనెసీ):
డాలీవుడ్ అంటే అందరూ రైడ్లే మాట్లాడతారు. లోపల ఒక చిన్న చెక్క ఇల్లుంది, దాటి వెళ్లిపోకండి. ఈ పార్కు ఎవరి పేరుమీద ఉందో ఆ గాయని డాలీ పార్టన్ చిన్నప్పుడు పెరిగిన ఇంటికి నమూనా, ఆవిడ తమ్ముడు కట్టాడు. పన్నెండుమంది పిల్లల సంసారం అందులో ఎలా సాగిందా అనిపిస్తుంది. ఆవిడ పుట్టినప్పుడు కాన్పు చేసిన డాక్టరుకు వాళ్ల నాన్న మొక్కజొన్న పిండి బస్తా ఇచ్చాడు. ఆ డాక్టరు రాబర్ట్ ఎఫ్. థామస్ పేరుమీదే పార్కులో ప్రార్థనామందిరం ఉంది.

వాళ్ల నాన్నకు చదువు రాదు. ఆ బాధతోనే ఆవిడ 1995లో ఇమాజినేషన్ లైబ్రరీ మొదలుపెట్టింది. పిల్లలు పుట్టినప్పటినుంచి ఐదేళ్లు నిండేదాకా నెలకో పుస్తకం పోస్టులో ఉచితంగా వస్తుంది. టెనెసీలో 95 కౌంటీల్లోనూ ఉంది, మా ఇద్దరు పిల్లలకూ వచ్చాయి. మీ పాపకు ఇంకా నాలుగేళ్లే కదా, మీ కౌంటీలో ఉందేమో వాళ్ల వెబ్‌సైట్లో చూసి ఇవాళే నమోదు చేయించండి. మీరు పార్కుకు వెళ్లినా వెళ్లకపోయినా ఈ పని మాత్రం చెయ్యండి.

గోదారిగట్టు:
ఆ రైలు సంగతి, ఈ పుస్తకాల సంగతి నాకు తెలియదు. నా అభిప్రాయం కొంచెం మారింది, మా నాన్నగారిని వచ్చే ఏడాది తీసుకెళ్తాను. తోటకూ వెళ్లేవాళ్ల కోసం ఒక చిన్న సలహా. ముఖాలు చెక్కడానికి అమ్మే పెద్ద కాయలు నీరుగా, పీచుగా ఉంటాయి, కూరకు రుచించవు. షుగర్ పంప్‌కిన్ లేదా పై పంప్‌కిన్ అని చిన్నగా, గట్టిగా ఉండేవి అడగండి. దప్పళంలోకి, ఆవపెట్టిన కూరలోకి అవి మన తీపి గుమ్మడికి దగ్గరగా ఉంటాయి. తొక్క మందం, కాబట్టి ముక్కలు కొంచెం ముందుగా ఉడకనివ్వాలి.

శ్రావణమేఘం:
వెళ్లొచ్చాం! అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. బుధవారం వెళ్లాం, మూడింటికి లోపలికి అడుగుపెట్టాం.

మొదట రైలు. మామయ్య ఇంజను దగ్గరికి వెళ్లి చక్రాల మధ్య కడ్డీలను చూస్తూ నిలబడిపోయారు. డ్రైవరుతో మావారు ఈయన ఇండియాలో ఆవిరి ఇంజన్ ఫైర్‌మన్ అని చెప్పగానే, అతను కిందికి దిగి వచ్చి చెయ్యి కలిపాడు. ఇద్దరికీ భాష పెద్దగా అక్కర్లేకపోయింది. మామయ్య పార పట్టుకున్నట్టు చేతులు తిప్పి ఏదో అడిగితే, అతను వేళ్లతో లెక్క చూపించాడు. కొండ ఎక్కుతుంటే సుయ్‌మని ఒక శబ్దం వచ్చింది. అది బాయిలర్‌లోకి నీళ్లు పంపే ఇంజెక్టర్ అని బాబుకు చెవిలో చెప్పారు. దిగేసరికి ఆయన తెల్లచొక్కా భుజాల మీద నల్లటి నుసి. ముదురు రంగు వేసుకోమంటే వినలేదు, దులుపుకోనూ లేదు.

అత్తయ్య చక్రాల కుర్చీకి మొదట ఒప్పుకోలేదు. నాక్స్‌విల్_నివాసి గారు రాసింది చదివి వినిపించి కూర్చోబెట్టాం. ఎగరలేని తెల్లతల గద్దలను (బాల్డ్ ఈగిల్స్) పెట్టి సాకే చోటుకు ఎక్కుడు బాగా ఉంది, కుర్చీ లేకపోతే ఆవిడ అక్కడిదాకా రాగలిగేవారే కాదు. కొలిమి దగ్గర కమ్మరి ఇనుప కడ్డీని కాల్చి ఆకు ఆకారంలో సాగగొడుతుంటే అక్కడే చాలాసేపు ఉన్నారు. సిన్నమన్ బ్రెడ్ ఆవిడకు బాగా నచ్చింది. బీన్స్ గురించి అడిగితే నిజంగానే పంది మాంసం వేశామన్నారు. మిరపకాయబజ్జీ గారూ, మీరు చెప్పకపోతే అదే తినేవాళ్లం.

పాపను హంసధ్వని గారు చెప్పినట్టే వెలుతురుండగా ఆ దారిలో నడిపించాం. చీకటి పడ్డాక మా చెయ్యి వదిలేసి, పళ్లికిలించే ఒక పెద్ద గుమ్మడికాయ ముందు నిలబడి అలాగే పళ్లు చూపించింది. దీపావళికి అరుగుల మీద ప్రమిదలు వరసగా పెట్టినట్టుందని అత్తయ్య అన్నారు. చలి మాత్రం బాగా ఉంది, ఎనిమిదింటికే స్వెటర్లు, మంకీ క్యాపులు బయటికి తీశాం. జనమంతా దీపాల దగ్గరే ఉండటంతో రైడ్ల వరసలు తగ్గాయి, బాబు, వాళ్ల నాన్న బిగ్ బేర్ మౌంటెన్ మళ్లీ ఎక్కొచ్చారు.

ఇమాజినేషన్ లైబ్రరీలో పాప పేరు నమోదైంది.

బొగ్గింజన్:
చాలా సంతోషం. మామయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. బిట్రగుంట షెడ్‌లో ఎవరైనా ఆయనకు తెలుసేమో ఒకసారి అడగండి.

చిరుజల్లు (రాలీ):
నేను ఈ మధ్యే చేరాను. మా అమ్మానాన్నలతో వచ్చే వారం వెళ్దామనుకుంటున్నాం. హెలీన్ తుపానుకు 40వ నంబరు రోడ్డు కొండల్లో కొట్టుకుపోయింది కదా, ఇప్పుడు ఆ దారిలో వెళ్లొచ్చా?

మిరపకాయబజ్జీ:
వెళ్లొచ్చు. 2024 సెప్టెంబర్ చివర్లో తెగిపోయిన ఆ పిజన్ నది లోయ భాగాన్ని 2025 మార్చిలో తెరిచారు. కానీ అటు ఒక వరస, ఇటు ఒక వరసే, వేగం గంటకు 35 మైళ్లు. మరమ్మతు పనులు పెద్దవి, వారాంతాల్లో బాగా ఆగిపోతుంది. బయల్దేరే రోజు పొద్దున నార్త్ కరోలినా రవాణా శాఖ సైటు చూడండి. మూసేశారంటే ఆష్‌విల్ నుంచి 26 మీదుగా జాన్సన్ సిటీ వెళ్లి, 81 దక్షిణానికి పట్టుకుని, మళ్లీ 40 ఎక్కి 407 దగ్గర దిగండి. దూరం ఎక్కువే, కానీ పెద్దవాళ్లతో మూసిన రోడ్డు దగ్గర గంటలు గంటలు కూర్చోవడంకన్నా అదే నయం. తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్నానికి హోటల్లో నడుం వాల్చొచ్చు.

చిరుజల్లు:
థ్యాంక్సండీ. తెల్లవారుజామునే బయల్దేరతాం. పులిహోర కూడా కలుపుకుంటున్నాం.